గర్భసంచి జారితే తప్పు గర్భసంచిదేనా?

పొద్దున లేచినప్పుడు ఏమీ ఉండదు. మధ్యాహ్నం దాటాక పొత్తికడుపు కింద బరువు మొదలవుతుంది, లోపల్నుంచి ఏదో కిందికి లాగుతున్నట్టు ఉంటుంది. స్నానం చేసేటప్పుడు యోని ద్వారం దగ్గర మెత్తటి ఉండ ఒకటి చేతికి తగులుతుంది. పడుకుంటే అదే లోపలికి పోతుంది. దీన్ని మొదటిసారి గమనించిన చాలామంది క్యాన్సరేమో అని హడలిపోతారు. ఆ వెంటనే సిగ్గు అడ్డొస్తుంది, ఎవరికీ చెప్పరు. క్యాన్సర్ భయాన్ని డాక్టర్ ఒక్కసారి పరీక్ష చేసి తీర్చేయగలరు. సిగ్గు మాత్రం ఏళ్ల తరబడి సాగుతుంది. అన్నేళ్లూ పడిన బాధలో చాలా భాగం పడక్కర్లేనిదే.

తీరా డాక్టర్ దగ్గరికి వెళ్లాక ఇంకో చిక్కు ఎదురవుతుంది. ‘గర్భసంచి జారింది, తీసేస్తే సరిపోతుంది’ అన్న ఒక్క మాటతో నిర్ణయం అయిపోతుంటుంది. నేను ఇది రాయడానికి కారణం ఆ మాటే. అవయవం చెడిపోవడం వల్ల వచ్చే జబ్బు కాదు ఇది. అవయవాలను పట్టి ఉంచే ఆధారం సడలడం వల్ల వచ్చే సమస్య. వైద్యులు దీన్ని ప్రొలాప్స్ అంటారు. ఈ తేడా మనసులో ఉంచుకుంటే ఏ వైద్యం ఎందుకు పనిచేస్తుందో, ఎంతవరకు పనిచేస్తుందో, ఏది అసలు అక్కర్లేదో తేల్చుకోవడం చాలా తేలికవుతుంది.

జారేది ఏది?

కటి భాగంలో ముందు మూత్రాశయం, మధ్యలో గర్భసంచి, దాని కింద యోని, వెనక మలాశయం ఉంటాయి. యోని ముందు గోడ బలహీనపడితే మూత్రాశయం ఆ గోడను తోసుకుంటూ కిందికి దిగుతుంది. దీన్ని సిస్టోసీల్ అంటారు, అన్నిటికంటే ఎక్కువగా కనిపించేది ఇదే. వెనక గోడ వదులైతే మలాశయం ముందుకు ఉబ్బుతుంది, అది రెక్టోసీల్. పైభాగంలో ఆధారం సడలితే గర్భసంచి దిగుతుంది. కొందరిలో చిన్నపేగు కూడా దిగుతుంది. చాలామందిలో వీటిలో ఒకటి కాదు, రెండు మూడు కలిసి ఉంటాయి. బయటికి కనిపించే ఉబ్బు మీద పొర మామూలుగా యోని గోడే. గర్భసంచి బాగా దిగినప్పుడు మాత్రం దాని మూతి, అంటే సర్విక్స్, కనిపిస్తుంది.

గర్భసంచి తీయించుకున్నవాళ్లలో కూడా యోని పైభాగం కిందికి జారిపోవచ్చు. దాన్ని వాల్ట్ ప్రొలాప్స్ అంటారు. గర్భసంచే లేని మనిషికి కూడా ఇది వస్తోందంటే అసలు లోపం ఎక్కడుందో ఆలోచించాలి.

పట్టి ఉంచేది ఏమిటి?

రెండు ఏర్పాట్లు కలిసి పనిచేస్తాయి. ఒకటి కింద పరుచుకున్న కండరాలు. ముందు జఘనాస్థి నుంచి వెనక తోకఎముక దాకా అడుగుభాగాన్ని మూసి ఉంచే ఈ కండరాల సముదాయాన్ని పెల్విక్ ఫ్లోర్ అంటారు. ఇందులో ముఖ్యమైనది లెవేటర్ యానీ. మిగతా చాలా కండరాలు మనం పని చెప్పినప్పుడు బిగుస్తాయి, ఇది మాత్రం మనం నిద్రపోతున్నా కొంత బిగువుగానే ఉండి మూత్రనాళం, యోని, మలద్వారం వెళ్లే సందును దగ్గరగా పట్టి ఉంచుతుంది. రెండోది పైనుంచీ పక్కలనుంచీ పట్టుకునే లిగమెంట్లు, వాటిని కలిపే పొరలు. అమెరికన్ వైద్యుడు జాన్ డిలాన్సీ 1992లో ఈ ఆధారాన్ని మూడు అంచెలుగా వివరించాడు. పైన గర్భసంచి మూతినీ యోని పైభాగాన్నీ వెన్ను వైపుకు కట్టి ఉంచే లిగమెంట్లు మొదటి అంచె. మధ్యలో యోని గోడలను కటి పక్కగోడలకు అతికించే పొర రెండో అంచె. కింద యోని ద్వారానికీ మలద్వారానికీ మధ్య ఉన్న గట్టి కణజాలం మూడో అంచె. ఏ అంచె దెబ్బతింటే దానికి తగ్గ జారుడు వస్తుంది. ఆపరేషన్ చేసే సర్జన్ మొదట తేల్చుకోవలసింది కూడా దెబ్బతిన్నది ఏ అంచె అన్నదే.

కండరాలకూ లిగమెంట్లకూ ఉన్న సంబంధాన్ని ఈ రంగంలోని వైద్యులు రేవులో కట్టిన పడవతో పోలుస్తారు. నీళ్లు నిండుగా ఉన్నంతకాలం పడవ బరువు నీళ్లే మోస్తాయి, తాళ్లు అది పక్కకు పోకుండా చూస్తాయంతే. నీళ్లు ఇంకిపోతే బరువంతా తాళ్ల మీద పడుతుంది. అవి కొంతకాలం ఓర్చుకుంటాయి, తర్వాత సాగుతాయి, చివరికి తెగుతాయి. ఇక్కడ నీళ్లంటే కండరాలు, తాళ్లంటే లిగమెంట్లు. కాన్పుకూ జారుడుకూ మధ్య ఇరవై ముప్పై ఏళ్లు ఎందుకు పడుతుందో దీన్నిబట్టి తెలుస్తుంది. కండరానికి దెబ్బ ఇరవై ఐదేళ్ల వయసులో తగులుతుంది. ఆ లోటును లిగమెంట్లు యాభై దాటేదాకా మోస్తాయి.

కాన్పులో జరిగేది కొంచెం వివరంగా చెప్పాలి. బిడ్డ తల బయటికి వచ్చేటప్పుడు లెవేటర్ కండరంలో లోపలి అంచు మామూలు పొడవుకు మూడు రెట్లకు పైగా సాగుతుందని కంప్యూటర్ నమూనాలతో లెక్కగట్టారు. ఎముకలకు అతుక్కుని ఉండే ఇతర కండరాలు అంత సాగితే మళ్లీ మామూలు స్థితికి రావు. గర్భధారణలో వచ్చే మార్పుల వల్లే ఇది సాధ్యమవుతుంది, చాలామందిలో అది తిరిగి కోలుకుంటుంది కూడా. కొందరిలో మాత్రం కండరం ఎముకకు అతుక్కున్న చోట ఊడిపోతుంది. దీన్ని లెవేటర్ అవల్షన్ అంటారు. మొదటి సాధారణ కాన్పు అయినవాళ్లను ఎంఆర్ఐతో, అల్ట్రాసౌండ్‌తో పరిశీలించిన అధ్యయనాల్లో చాలావాటిలో ఐదుగురిలో ఒకరికో అంతకన్నా ఎక్కువమందికో ఇది కనిపించింది. బిడ్డ తలను పట్టి లాగే ఫోర్సెప్స్ వాడిన కాన్పుల్లో ఈ ప్రమాదం బాగా ఎక్కువ. బయటికి కుట్లు పడే చిరుగు కాదు కాబట్టి కాన్పు చేసినవాళ్లకు కూడా ఆ పూట ఇది తెలియకపోవచ్చు.

ఇది చదివి కాన్పంటే భయపడొద్దు, సిజేరియనే మేలనుకోవద్దు. సిజేరియన్ వల్ల ఈ ముప్పు తగ్గే మాట నిజమే, పూర్తిగా పోదు. అది పెద్ద ఆపరేషన్, దాని ముప్పులు దానికున్నాయి. యోని ద్వారా కాన్పులైనవాళ్లలో ఎక్కువమంది జీవితాంతం ఈ బాధ లేకుండానే ఉంటారు.

మిగతా కారణాలు మీరు ఊహించగలిగినవే. వయసు, నెలసరి ఆగిపోయాక ఈస్ట్రోజెన్ తగ్గడం, ఎక్కువ బరువు, ఏళ్ల తరబడి ముక్కి మలవిసర్జన చేయడం, తగ్గని దగ్గు, రోజూ పెద్ద బరువులు ఎత్తే పని. తల్లికో అక్కచెల్లెళ్లకో ఉంటే మనకూ వచ్చే అవకాశం పెరుగుతుంది, ఎందుకంటే కణజాలాల గట్టిదనం కొంతవరకు పుట్టుకతో వచ్చేదే. పుట్టుకతోనే కణజాలం బలహీనంగా ఉండే ఎహ్లర్స్-డాన్లోస్, మార్ఫాన్ లాంటి సిండ్రోములు ఉన్నవాళ్లకు పిల్లలు పుట్టకముందే రావచ్చు. ‘నేనేదో నిర్లక్ష్యం చేశాను’ అని కుమిలిపోయేవాళ్లకు నేను గట్టిగా చెప్పాలనుకునేది ఇదే: ఈ జాబితాలో మీ చేతిలో ఉన్నవి కొన్నే.

కనిపించడం వేరు, బాధ పెట్టడం వేరు

పరీక్ష చేసి చూస్తే కాన్పులైన ఆడవాళ్లలో దాదాపు సగం మందిలో ఎంతో కొంత జారుడు కనిపిస్తుంది. ‘ఏదో బయటికి వస్తున్నట్టుంది’ అని చెప్పేవాళ్లు మాత్రం చాలా తక్కువ. అమెరికాలో 2008లో ప్రచురితమైన పెద్ద జాతీయ సర్వేలో అలా చెప్పినవాళ్లు సుమారు 3 శాతమే. సర్వేలో అడిగినా చెప్పనివాళ్లు ఉంటారనుకున్నా తేడా పెద్దదే.

ఆ తేడాకు కారణం ఒక గీత. జారుడును కొలవడానికి 1996 నుంచి ప్రపంచమంతా వాడుతున్న పద్ధతి పేరు పాప్-క్యూ. యోని ద్వారం దగ్గరి హైమెన్‌ను, అంటే కన్నెపొర ఉండే చోటును, సున్నా అనుకుని, ఏ భాగం దానికి ఎన్ని సెంటీమీటర్లు పైన ఉందో, ఎన్ని సెంటీమీటర్లు కింద ఉందో అందులో కొలుస్తారు. హైమెన్‌కు ఒక సెంటీమీటర్ కంటే ఎక్కువ పైనే ఉంటే మొదటి దశ. అటూ ఇటూ ఒక సెంటీమీటర్ లోపు ఉంటే రెండో దశ. అంతకన్నా బయటికి వస్తే మూడో దశ, దాదాపు పూర్తిగా బయటికి వచ్చేస్తే నాలుగో దశ. హైమెన్ దాటేదాకా చాలామందికి ఏ బాధా ఉండదు. దాటాకే ఉండ తగలడం, బరువు, ఒరుసుకోవడం మొదలవుతాయి.

కాబట్టి వేరే పనిమీద పరీక్ష చేయించుకుంటే ‘మొదటి దశ ప్రొలాప్స్’ అని రిపోర్టులో రాశారనుకోండి, మీకు ఏ ఇబ్బందీ లేకపోతే దానికి వైద్యం అక్కర్లేదు. ‘ఇప్పుడు చేయించుకోకపోతే ముదిరిపోతుంది’ అని తొందరపెట్టే మాటకు కూడా గట్టి ఆధారం లేదు. అమెరికాలో విమెన్స్ హెల్త్ ఇనిషియేటివ్ అనే పెద్ద అధ్యయనంలో నెలసరి ఆగినవాళ్లను ఏళ్ల పాటు గమనిస్తే, కొందరిలో జారుడు పెరిగింది, చాలామందిలో అలాగే ఉంది, తొలి దశల్లో ఉన్నవాళ్లలో గణనీయంగా కొందరికి దానంతటదే తగ్గింది కూడా.

ఉబ్బుతో పాటు వచ్చే ఇబ్బందులు ఏ గోడ జారిందన్న దాన్నిబట్టి మారతాయి. మూత్రాశయం దిగినప్పుడు మూత్రం ధార సన్నగా రావడం, ఇంకా మిగిలిపోయినట్టు ఉండడం, మాటిమాటికీ వెళ్లాల్సి రావడం, ఇన్ఫెక్షన్లు. వెనక గోడ ఉబ్బినప్పుడు మలం సగంలో ఆగిపోవడం. వేలితో యోని గోడను నొక్కితేగానీ మలం గానీ మూత్రం గానీ పూర్తిగా రాదని చెప్పడానికి చాలామంది సిగ్గుపడతారు. దయచేసి చెప్పండి. డాక్టర్లకు అది కొత్త సంగతి కాదు, పైగా సమస్య ఎక్కడుందో పట్టిచ్చే మంచి ఆనవాలు. కలయికలో ఇబ్బంది, ఆ సమయంలో మూత్రం పడుతుందేమోనన్న టెన్షన్ కూడా చెప్పవలసినవే.

నడుంనొప్పిని మాత్రం వెంటనే దీనికి అంటగట్టకూడదు. సాయంత్రానికి నడుం కింద లాగినట్టుండి, పడుకుంటే తగ్గేది ప్రొలాప్స్ వల్ల కావచ్చు. రోజంతా ఉండే నొప్పికి, కాళ్లలోకి పాకే నొప్పికి సాధారణంగా వెన్నులో కారణం ఉంటుంది, ప్రొలాప్స్ ఆపరేషన్‌తో అది పోదు. తెల్లబట్ట కూడా అంతే, దానికి వేరే కారణాలు వెతకాలి.

పరీక్షలో పెద్ద యంత్రాలు అక్కర్లేదు. డాక్టర్ మిమ్మల్ని గట్టిగా ముక్కమని, దగ్గమని చూస్తారు. పడుకుని ఉంటే సరిగా కనపడకపోతే నిలబెట్టి చూస్తారు. పొద్దున్నే వెళ్తే జారుడు తక్కువగా కనిపించవచ్చు, ‘సాయంత్రానికి ఇంకా ఎక్కువగా వస్తుంది’ అని చెప్పడం మర్చిపోకండి. మూత్రం పోశాక లోపల ఎంత మిగిలిందో స్కాన్‌లో చూడవచ్చు. చాలామందికి అంతకుమించి ఏమీ అవసరం ఉండదు.

వ్యాయామాలు: చేసే తీరులోనే అంతా ఉంది

అమెరికన్ గైనకాలజిస్టు ఆర్నల్డ్ కెగెల్ 1948లో వీటి గురించి రాశాడు, ఆయన పేరే వాటికి స్థిరపడింది. ‘కెగెల్ చేయండి’ అని ఒక కాగితం చేతికిచ్చి పంపడం, చాలామంది రెండు వారాలు చేసి మానేయడం, ఆ తర్వాత ‘వ్యాయామాలతో ఏమీ కాదు’ అనుకోవడం: ఎక్కువగా జరిగేది ఇదే. 2014లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో అచ్చయిన పాపీ అధ్యయనంలో బ్రిటన్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లకు చెందిన 447 మందిని రెండు వర్గాలు చేశారు. ఒక వర్గానికి ఫిజియోథెరపిస్టు ఒక్కొక్కరినీ విడిగా పరీక్షించి, నేర్పి, 16 వారాల్లో ఐదుసార్లు కలిశారు. ఇంకో వర్గానికి జీవనశైలి సలహాల కాగితం ఇచ్చారు. ఏడాది తర్వాత చూస్తే నేర్పించుకున్నవాళ్ల బాధలు స్పష్టంగా తగ్గాయి. బ్రిటన్ వైద్య మార్గదర్శకాలు కూడా మొదటి, రెండో దశల్లో బాధ ఉన్నవాళ్లకు కనీసం 16 వారాలు పర్యవేక్షణలో ఇవి చేయించమంటాయి.

చేయడం ఇలా. గాలి పోకుండా ఆపుకుంటున్నట్టు మలద్వారాన్ని బిగించండి, ఆ బిగింపును అలాగే ముందుకు, మూత్రం ఆపుకునే చోటి దాకా తీసుకెళ్లి లోపలికీ పైకీ లాగండి. కొన్ని సెకన్లు ఉంచి, పూర్తిగా వదిలేయండి. వదలడం బిగించడమంత ముఖ్యం. ఇలా ఎనిమిదిసార్లు, రోజుకు మూడు విడతలు చేయడం మామూలు మోతాదు. ఉంచే సమయం మెల్లగా పది సెకన్ల దాకా పెంచుకోవచ్చు. పొట్ట, తొడలు, పిరుదులు బిగుస్తున్నా, ఊపిరి బిగబట్టినా తప్పుగా చేస్తున్నట్టే. అన్నిటికంటే పెద్ద తప్పు, పైకి లాగడానికి బదులు కిందికి తోయడం. తెలియకుండానే చాలామంది అలా చేస్తారు, దానివల్ల మేలుకు బదులు కీడు జరుగుతుంది. అందుకే కనీసం ఒక్కసారి, తెలిసినవాళ్లు పరీక్షించి ‘ఇది సరైన కండరం’ అని చెప్పాలి. మూత్రం మధ్యలో ఆపి చూసుకోవడం కండరం ఏదో తెలుసుకోవడానికి ఒకసారి పనికొస్తుంది, దాన్నే వ్యాయామంగా రోజూ చేయకూడదు. దగ్గు, తుమ్ము వస్తున్నప్పుడు, బరువెత్తే ముందు ఒక క్షణం బిగించడం అలవాటు చేసుకుంటే ఒత్తిడి నేరుగా లిగమెంట్ల మీద పడదు.

వీటి హద్దు కూడా తెలియాలి. వ్యాయామం బాధను తగ్గిస్తుంది, తొలి దశల్లో జారుడును కూడా కొంత తగ్గించవచ్చు. ఎముక నుంచి ఊడిన కండరాన్ని మళ్లీ అతికించలేదు, పూర్తిగా బయటికి వచ్చిన గర్భసంచిని లోపలికి పంపలేదు.

దీంతో పాటు మలబద్ధకం తీర్చుకోవాలి. పాదాల కింద చిన్న పీట వేసుకుని, ముందుకు వంగి కూర్చుంటే ముక్కే పని తగ్గుతుంది. తగ్గని దగ్గుకు కారణం వెతికి మందు వాడాలి, పొగ తాగేవాళ్లు మానాలి. ఒంటి బరువు తగ్గితే మూత్రం లీకేజీ, పొత్తికడుపు కింద బరువుగా అనిపించడం తగ్గుతాయి, అయితే అప్పటికే దిగిన అవయవం దానివల్ల పైకి పోదు. నెలసరి ఆగినవాళ్లకు యోనిలో రాసుకునే ఈస్ట్రోజెన్ క్రీమ్ ఇస్తారు. మంట, పొడిబారడం, ఒరుసుకుపోవడం దానితో తగ్గుతాయి. ప్రొలాప్స్‌ను అది తగ్గించదు.

పెసరీ: రావలసినంత పేరు రాని వైద్యం

పెసరీ అంటే యోనిలో అమర్చే, మెత్తటి సిలికాన్‌తో చేసిన ఆధారం. హిప్పోక్రటిస్ కాలంలో గ్రీకులు సగం కోసిన దానిమ్మకాయను ఇందుకే వాడేవారు. స్త్రీని నిచ్చెనకు తలకిందులుగా కట్టి ఊపడం కూడా ఆనాటి వైద్యమే. ఆధారం పెట్టాలన్న ఆలోచన రెండు వేల ఏళ్లకు పైగా నిలిచింది, వస్తువు మాత్రం మెరుగుపడింది. ఎక్కువగా వాడేది ఉంగరం ఆకారంలో ఉండే రింగ్ పెసరీ. జారుడు ఎక్కువగా ఉన్నవాళ్లకు, యోని ద్వారం వెడల్పైనవాళ్లకు గెల్‌హార్న్, క్యూబ్, డోనట్ లాంటి రకాలున్నాయి.

సరైన సైజు మొదటిసారే దొరక్కపోవచ్చు. రెండు మూడు పెట్టి చూడాల్సి వస్తుంది. పెట్టాక లేచి నడవమంటారు, కూర్చోమంటారు, దగ్గమంటారు, మూత్రానికి వెళ్లి రమ్మంటారు. సరిగా కుదిరితే లోపల ఉన్నట్టే తెలియకూడదు. నొప్పి పెడుతున్నా, మూత్రం రాకపోయినా, జారిపోతున్నా సైజు మార్చాలి. మొదటిది జారిపోయిందని నిరాశపడి మానేసేవాళ్లు చాలామంది. వాళ్లలో కొందరికి ఇంకో సైజు పెడితే సరిపోయేది.

రింగ్ పెసరీని మీరే తీసి, సబ్బుతో కడిగి, మళ్లీ పెట్టుకోవడం నేర్చుకోవచ్చు. అది ఉండగా కలయిక కూడా సాధ్యమే, ఇబ్బందైతే ముందు తీసేయొచ్చు. బ్రిటన్‌లో జరిగిన టాప్సీ అధ్యయనంలో సొంతంగా చూసుకునేవాళ్ల జీవన నాణ్యత, క్లినిక్‌కు వెళ్లి మార్పించుకునేవాళ్లతో సమానంగా ఉంది, ఇబ్బందులు వాళ్లకన్నా తక్కువే వచ్చాయి. సొంతంగా చేసుకోలేనివాళ్లు ఆరు నెలలకోసారైనా చూపించుకోవాలి. స్రావం కొంచెం పెరగడం మామూలే. దుర్వాసన, రక్తం, నొప్పి ఉంటే లోపల పుండు పడి ఉండవచ్చు. కొన్నాళ్లు తీసేసి, ఈస్ట్రోజెన్ క్రీమ్ రాస్తే సాధారణంగా మానుతుంది. పెసరీ పెట్టిన సంగతే మర్చిపోయి ఏళ్ల తరబడి వదిలేయడం మాత్రం నిజంగా ప్రమాదం. అది గోడను ఒరుసుకుని మూత్రాశయంలోకో మలాశయంలోకో రంధ్రం పడే దాకా రావచ్చు. ముసలివాళ్లకు పెట్టించినప్పుడు ఇంట్లో ఇంకొకరికి ఆ విషయం తెలిసి ఉండాలి, తర్వాతి తేదీ రాసిపెట్టుకోవాలి.

పెసరీ అంటే ఆపరేషన్‌కు పనికిరానివాళ్లకు ఇచ్చేదన్న అపోహ డాక్టర్లలో కూడా ఉంది. నెదర్లాండ్స్‌లో 440 మందితో చేసి 2022లో ప్రచురించిన పరిశోధన చూడండి. రెండేళ్ల తర్వాత మెరుగయ్యామన్నవాళ్లు పెసరీతో మొదలుపెట్టినవారిలో 76 శాతం, ఆపరేషన్‌తో మొదలుపెట్టినవారిలో 81 శాతం. అయితే పెసరీతో మొదలుపెట్టినవారిలో సగానికి పైగా ఆలోగా ఆపరేషన్‌కు మారారు, ఆ 76 శాతంలో వాళ్లూ ఉన్నారు. పెసరీ ఆపరేషన్‌తో సమానమని ఆ పరిశోధన తేల్చలేదు. ముందు పెసరీ ప్రయత్నించి, కుదరకపోతే మారినవాళ్లు పెద్దగా నష్టపోలేదని మాత్రం నాకు దానిలో కనిపిస్తోంది. మిగతావాళ్లకు ఆ రెండేళ్లలో కత్తి అవసరమే రాలేదు.

ఆపరేషన్ దాకా వస్తే

గర్భసంచి తీయడం ఒక్కటే ప్రొలాప్స్‌కు వైద్యం కాదు. కిందికి దిగిన వస్తువును తీసేసినా, దాన్ని పట్టి ఉంచవలసిన లిగమెంట్లు సాగే ఉన్నాయి కదా. అందుకే గర్భసంచి తీసినా తీయకపోయినా, యోని పైభాగాన్ని మళ్లీ గట్టి ఆధారానికి కట్టడం అసలు పని. ఆ కట్టడం జరగకపోతే తర్వాత వాల్ట్ ప్రొలాప్స్ వచ్చే అవకాశం పెరుగుతుంది. ‘గర్భసంచి తీశాక పైభాగాన్ని దేనికి కడతారు?’ అన్న ప్రశ్నకు మీ సర్జన్ దగ్గర స్పష్టమైన జవాబు ఉండాలి.

యోని ద్వారానే చేసే పద్ధతుల్లో కటి ఎముకల మధ్య ఉండే సాక్రోస్పైనస్ లిగమెంట్‌కు కట్టడం ఒకటి, గర్భసంచిని వెన్ను వైపుకు పట్టి ఉంచే యుటెరోసాక్రల్ లిగమెంట్లకు కట్టడం ఇంకొకటి. ముందు వెనక గోడలు వదులైతే వాటిని బిగించి కుడతారు, దీన్ని కాల్పొరఫీ అంటారు. పొట్ట ద్వారా, ఇప్పుడు ఎక్కువగా ల్యాపరోస్కోపీతో, యోని పైభాగాన్ని మెష్, అంటే సన్నటి ప్లాస్టిక్ వల, సాయంతో వెన్నెముక అడుగున ఉన్న శాక్రమ్ ఎముకకు కట్టేది సాక్రోకాల్పోపెక్సీ. పైభాగానికి ఇది గట్టి ఆధారం, కానీ ఆపరేషన్ పెద్దది, మెష్ ముప్పు ఏళ్లు గడిచినా కొంత ఉంటుంది. కలయిక ఇక వద్దనుకున్న పెద్ద వయసువారికి యోనిని మూసేసే కాల్పోక్లైసిస్ ఉంది. ఇది చిన్నది, విజయం శాతం 90కి పైనే, కానీ వెనక్కి తీసుకోలేని నిర్ణయం. నిర్ణయించుకోవలసింది ఆమె, ఆమె తరఫున పిల్లలు కాదు.

గర్భసంచిని ఉంచి చేసే ఆపరేషన్లు కొత్తవేం కావు. పిల్లలు కావలసిన చిన్న వయసువారి కోసం షిరోడ్కర్, పురందరే లాంటి భారతీయ సర్జన్లు గర్భసంచిని పైకి కట్టే పద్ధతులు ఎప్పుడో రూపొందించారు. ఇంగ్లండ్‌లో 1888లో ఆర్కిబాల్డ్ డొనాల్డ్ మొదలుపెట్టిన మాంచెస్టర్ ఆపరేషన్‌లో సాగిన సర్విక్స్‌ను కొంత కోసి, లిగమెంట్లను బిగించి కడతారు. చాలాచోట్ల దాన్ని పాతకాలపుదని పక్కన పెట్టారు. నెదర్లాండ్స్‌లో దాన్ని సాక్రోస్పైనస్ పద్ధతితో పోల్చి 2023లో ఫలితాలు వెల్లడిస్తే రెండేళ్లకు మాంచెస్టర్‌లో 87 శాతం, రెండోదానిలో 77 శాతం విజయం కనిపించింది. గర్భసంచిలో గడ్డలో, అనుమానాస్పద రక్తస్రావమో, సర్విక్స్ పరీక్షలో తేడానో ఉంటే తీయడానికి వేరే కారణం ఉన్నట్టు. అవేవీ లేనప్పుడు ‘ఉంచి చేయవచ్చా?’ అని అడగడం మీ హక్కు.

మళ్లీ జారుతుందా? జారవచ్చు. అమెరికాలో ఆప్టిమల్ అనే అధ్యయనం యోని ద్వారా చేసే రెండు ప్రధాన పద్ధతులను ఐదేళ్ల పాటు గమనించింది. కఠినమైన కొలమానంతో చూస్తే రెండిట్లోనూ సగానికి పైగా విఫలమైనట్టు లెక్కకు వచ్చాయి. మళ్లీ వైద్యం చేయించుకున్నది మాత్రం పదిమందిలో సుమారు ఒకరే, ఆపరేషన్‌కు ముందున్న బాధతో పోలిస్తే అందరిలోనూ సగటున మెరుగుదల నిలిచే ఉంది. కొలతలో విఫలం, జీవితంలో సుఖం. దీన్ని ముందే చెప్పి ఆపరేషన్ చేస్తే, తర్వాత చిన్న ఉబ్బు కనిపించినా ఆమె మోసపోయానని అనుకోదు.

ఇంకో విషయం కూడా ముందే చెప్పాలి. మూత్రాశయం బాగా దిగినప్పుడు మూత్రనాళం మెలిపడి, మూత్రం లీకేజీ బయటపడకుండా దాగి ఉండవచ్చు. ఆపరేషన్‌తో అన్నీ పైకి వెళ్లాక దగ్గితే మూత్రం పడడం మొదలవుతుంది. ఆపరేషన్ చెడిపోయిందని అప్పుడు కంగారు పడతారు. ప్రొలాప్స్‌ను లోపలికి నెట్టి దగ్గించి చూస్తే చాలామందిలో ఇది ముందే తెలుస్తుంది.

మెష్ గురించి భయపడేవాళ్లకు ఒక వివరణ. భయపడడంలో తప్పులేదు. యోని ద్వారా లోపల మెష్ పెట్టే కిట్లు 2000 తర్వాత వేగంగా వ్యాపించాయి, తగినంత పరీక్ష లేకుండానే. మెష్ గోడను చీల్చుకుని బయటికి రావడం, తీరని నొప్పి, కలయిక అసాధ్యం కావడం, తీయించుకోవడానికి మళ్లీ మళ్లీ ఆపరేషన్లు జరగడంతో వేలమంది ఆడవాళ్లు కోర్టులకెక్కారు. ఆస్ట్రేలియా 2017లో ప్రొలాప్స్ కోసం వాటిని తొలగించింది, బ్రిటన్ 2018లో వాడకం నిలిపింది, అమెరికాలో మందులను, వైద్య పరికరాలను నియంత్రించే ఎఫ్‌డీఏ 2019 ఏప్రిల్‌లో అమ్మకాలు ఆపించింది. బ్రిటన్ అధ్యయనం ప్రాస్పెక్ట్ 2017లో తేల్చింది కూడా అదే: గోడల రిపేర్‌కు మెష్ చేర్చడం వల్ల అదనపు లాభం లేదు. పొట్ట ద్వారా చేసే సాక్రోకాల్పోపెక్సీలో మెష్ వాడకం వేరు, అది ఇప్పటికీ చాలా దేశాల్లో కొనసాగుతోంది. ఆపరేషన్‌లో మెష్ వాడతారా, ఏ దారిన పెడతారు, ఎందుకు అన్నవి సంతకం పెట్టేముందు అడిగి తెలుసుకోండి.

పిల్లలు ఇంకా కావాలనుకుంటే, వీలైనంతవరకు కాన్పులు అయ్యేదాకా పెసరీతో నెట్టుకురావడమే మేలు. ఈమధ్యే కాన్పై ఉబ్బు కనిపిస్తున్నవాళ్లు ఆపరేషన్ మాట అసలు ఎత్తకండి. పాలిచ్చే నెలల్లో ఈస్ట్రోజెన్ తక్కువగా ఉంటుంది, కణజాలం కోలుకోవడానికి ఏడాది దాకా పట్టవచ్చు.

కాన్పు తర్వాత విశ్రాంతి అన్నది సౌకర్యానికి సంబంధించిన విషయం మాత్రమే కాదు. నేపాల్ కొండప్రాంతాల్లో కాన్పైన కొద్ది రోజులకే బరువులు మోయవలసి వచ్చి, చిన్న వయసులోనే గర్భసంచి జారి, ఏళ్ల తరబడి దాచుకుని బతికిన ఆడవాళ్ల సంఖ్య చాలా పెద్దది. ఈ విషయం అక్కడి సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2008లో కోర్టు దీన్ని ఆడవాళ్ల పునరుత్పత్తి ఆరోగ్య హక్కుల ఉల్లంఘనగా గుర్తించి, ప్రభుత్వం వైద్యం, చట్టం, అవగాహన ఏర్పాట్లు చేయాలని ఆదేశించింది. ఒక దేశపు అత్యున్నత న్యాయస్థానం ఈ బాధను హక్కుల భాషలో మాట్లాడడం నాకు చాలా ముఖ్యంగా తోస్తుంది.

ప్రొలాప్స్ ప్రాణం తీసే జబ్బు కాదు, నిదానంగా ఆలోచించుకోవడానికి సాధారణంగా సమయం ఉంటుంది. కొన్ని సందర్భాల్లో మాత్రం ఆగకూడదు. మూత్రం అసలు రాకపోతే, బయటికి వచ్చింది లోపలికి వెళ్లకుండా వాచిపోతే, దాని మీద పుండు పడితే అదే రోజు వెళ్లాలి. నెలసరి ఆగాక రక్తం కనిపిస్తే ఎంత కొంచెమైనా ప్రొలాప్స్ వల్లేలే అని వదిలేయకుండా గర్భసంచి లోపలి పొరను పరీక్ష చేయించాలి. చాలాకాలంగా నాలుగో దశలో ఉన్నవాళ్లలో కిడ్నీల నుంచి మూత్రాశయానికి వచ్చే మూత్రనాళికలు మెలిపడి కిడ్నీలు ఉబ్బవచ్చు, నొప్పి లేకపోయినా వాళ్లకు ఒక కిడ్నీ స్కాన్, కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్ రక్తపరీక్ష చేయించాలి.